రాని వాన బరువు

మెట్ట పల్లెల్లో సాగు పనులు మృగశిర కార్తెతో మొదలైతే, సాగు అప్పులు ఉగాదితోనే మొదలవుతాయి. సొంత భూమి లేని కుటుంబం ఆ రోజుల్లోనే యజమానితో కౌలు మాట్లాడుకుంటుంది. చాలా చోట్ల కౌలు డబ్బు ముందే చేతిలో పెట్టాలి. ఆ డబ్బు దొరికేది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి. వినడానికి చిన్న మాటే గాని, నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. తొలకరి వేళకు విత్తనాలు, పురుగుమందుల దుకాణంలో ఉద్దెర ఖాతా మొదలవుతుంది. డబ్బు పంట చేతికొచ్చాక కట్టవచ్చు, కాని ఏ మందు కొట్టాలో, పంట ఎవరికి అమ్మాలో చాలాసార్లు ఆ దుకాణమే చెబుతుంది. ఇన్ని ముడులు పడ్డాక ఇక మబ్బు వైపు చూడాలి.

ఆ వాన రాకపోతే నష్టం ఎవరిది? భూమి యజమానికి కౌలు ముందే ముట్టింది. అప్పిచ్చినవారి దగ్గర ప్రామిసరీ నోటు భద్రంగా ఉంది. దుకాణం పద్దులో బాకీకి వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. బ్యాంకు పంట రుణం పట్టాదారు పాసుపుస్తకం మీద ఇచ్చింది కనుక దాని లెక్క యజమానితోనే. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం కూడా చాలావరకు ఆ పాసుపుస్తకం వెంటే నడుస్తుంది. రాని వాన బరువంతా దున్నినవాళ్ల మీద పడుతుంది. పల్లెల్లో ఆర్థిక అసమానతను ఆదాయాల తేడాగానే చూస్తే ఈ సంగతి కంటికి ఆనదు. చెడు జరిగిన ఏడాది దాన్ని ఎవరు మోస్తారన్నది అంతకంటే లోతైన తేడా. మూడు దశాబ్దాలుగా తెలుగు పల్లెలను పట్టి పీడిస్తున్న నిరాశకు మూలం అక్కడే ఉంది.

దేశం మొత్తం మీద సంపద ఎలా పంచబడిందో 2024లో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు లెక్క కట్టారు. వారి అంచనా ప్రకారం 2022-23లో జనాభాలో పైనున్న ఒక్క శాతం మందికి జాతీయ ఆదాయంలో 22.6 శాతం, మొత్తం సంపదలో 40.1 శాతం చేరాయి. కింది సగం జనాభాకు దక్కింది ఆదాయంలో సుమారు 15 శాతం, సంపదలో 6.4 శాతం. ఆదాయంలోని తేడా కంటే సంపదలోని తేడా ఎక్కువగా ఉండటం గమనించాలి. కష్టకాలంలో కుటుంబాన్ని ఆదుకునేది వెనకేసుకున్న ఆస్తే కదా.

అప్పుల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. జాతీయ నమూనా సర్వే 2019లో వ్యవసాయ కుటుంబాల అప్పులు లెక్కించినప్పుడు దేశవ్యాప్తంగా సగం కుటుంబాలు, అంటే 50.2 శాతం, అప్పులో ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. సగటు అప్పు దేశంలో సుమారు 74 వేల రూపాయలైతే, ఆంధ్రప్రదేశ్‌లో 2 లక్షల 45 వేలు, అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ. తెలంగాణలో లక్షా 52 వేలు. అప్పు ఉన్నంత మాత్రాన అందరి పరిస్థితీ ఒకటి కాదు. పట్టా ఉండి, గడువులోగా కట్టే రైతుకు బ్యాంకు పంట రుణం మూడు లక్షల రూపాయల వరకు ఏడాదికి 4 శాతం వడ్డీకే పడుతుంది. పక్క చేనులో అదే పంట వేసిన కౌలు రైతు 24 నుంచి 36 శాతం కడతాడు. చేను గట్టుకు అటొకటి, ఇటొకటి వడ్డీ.

ఈ బరువు ఇలా ఒకవైపుకు ఒరగడానికి చరిత్ర ఉంది. మెట్ట నేలల్లో పూర్వం జొన్న, కంది, పెసర, ఆముదం కలిపి వేసేవారు. విత్తనం ఇంట్లోదే, ఎరువు దొడ్లోదే. పంట తగ్గితే తిండి తగ్గేది, అప్పు మాత్రం ఇంత పెరిగేది కాదు. చెరువులు పూడిపోయి, బోర్లు వచ్చి, పత్తి లాంటి వ్యాపార పంటలు విస్తరించాక సాగు ఖర్చంతా నగదుగా మారింది. బోరు వేయడమంటే నీళ్లు పడతాయో లేదో తెలియకుండా వేలకు వేలు భూమిలో పోయడమే. సరిగ్గా ఆ కాలంలోనే, 1991 తర్వాతి సంస్కరణలతో, పల్లెల్లో బ్యాంకులు చిన్న రైతుకు ఇచ్చే రుణాల్లో చేయి బిగించాయి. ఆ ఖాళీని వడ్డీ వ్యాపారులు, మందుల దుకాణాలు నింపాయి. 1997లో వరంగల్ జిల్లా పత్తి మీద పొగాకు లద్దె పురుగు విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం మిగిలింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ వరంగల్ పల్లెల్లో జరిగిన రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థికవేత్త జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్‌ను నియమించింది. మార్కెట్ ఒడుదొడుకులకు చిన్న రైతులను రక్షణ లేకుండా వదిలేసిన విధానాలను ఆ కమిషన్ తప్పుపట్టింది. కౌలు రైతులను గుర్తించి బ్యాంకు రుణాలు ఇవ్వాలని కోరింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ సిఫారసు ఇప్పటికీ సగం దారిలోనే ఉంది.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదే దేశంలో వ్యవసాయం మీద బతికే 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. కూలీల సంఖ్యే ఎక్కువ. లెక్కకు అందనివారు వేరే ఉన్నారు. భూమి పేరున లేని మహిళ ఎన్నేళ్లు సేద్యం చేసినా చాలా కాగితాల్లో ఆమె గృహిణే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 జూన్ 1న వచ్చిన 421వ నంబరు జీవో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. లక్ష కుటుంబానికి, యాభై వేలు అప్పుల పరిష్కారానికి. ఆ సాయం కోసం అధికారుల కమిటీ ముందు సాగు చేసినట్టూ, అప్పు చేసినట్టూ రుజువు చూపాలి. కౌలు ఒప్పందం నోటి మాట. అప్పు తెల్లకాగితం మీద. భర్తను పోగొట్టుకున్న మనిషి, తన ఇంటికి వచ్చి వడ్డీ అడిగినవాళ్ల చేతే సాక్ష్యం చెప్పించుకోవలసి వచ్చేది. ఇంత కఠినమైన పరీక్ష దుఃఖంలో ఉన్న ఏ ఇంటికీ పెట్టకూడదు.

అప్పుల్లో ఉన్నవారంతా నిరాశలో మునిగిపోరు. మరి ఎప్పుడు మునుగుతారు? ఈ ప్రశ్న మీద జరిగిన పరిశోధనల్లో ఒకటి మన పొరుగున తమిళనాడులో జరిగింది. అక్కడి చెరకు రైతులకు ఏడాదిలో ఒకేసారి డబ్బు చేతికొస్తుంది. కోతకు ముందు చేతిలో చిల్లిగవ్వ ఉండదు, కోత తర్వాత కొంత ఊపిరి ఆడుతుంది. పరిశోధకులు 464 మంది రైతులకు రెండు వేళల్లోనూ ఒకే రకం ఆలోచనా పరీక్షలు పెట్టారు. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం అదే మనిషి కోతకు ముందు తక్కువ మార్కులు, కోత తర్వాత ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. డబ్బు కటకట మనసులో అంత చోటు ఆక్రమించుకుంటుంది. పేదవారు ముందుచూపు లేక అప్పులపాలవుతారని తేలిగ్గా మాట్లాడేవారు ఈ ఫలితాన్ని ఒకసారి తలచుకోవాలి. ముందుచూపును మింగేసేది ఆ కటకటే.

ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు సాయం అందించిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు సుమారు 18 శాతం తగ్గినట్టు 2019లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. మనోవేదనకు వైద్యం అవసరమే. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర, దేశమంతటా 14416 నంబరులో పలికే టెలీ మానస్ లాంటి సహాయ కేంద్రాలు ప్రాణాలు నిలిపే పని చేస్తున్నాయి. కాని రైతు ఫోన్‌లో చెప్పుకునే బాధలో చాలా భాగం మందుబిళ్లతో తీరేది కాదు. పట్టా పేరు మారలేదనో, బీమా రాలేదనో, వాకిట్లో అప్పులవాళ్లు కూర్చున్నారనో ఉంటుంది.

మానవ శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో రాసిన ఒక వ్యాసంలో ఆశించడం కూడా ఒక సామర్థ్యమేనని, అది అలవాటుతో పెరుగుతుందని వాదించారు. కలిగినవారి పిల్లలు చిన్నప్పటి నుంచీ ఒకటి అనుకోవడం, ప్రయత్నించడం, కుదరకపోతే ఇంకోటి మొదలుపెట్టడం చూస్తూ పెరుగుతారు. తప్పినా నిలబెట్టే ఆసరా ఇంట్లో ఉంటుంది. లేనివారి ఇంట్లో ఒక్క ప్రయత్నం తప్పితే పుస్తెలు కుదువకు పోతాయి. అందుకే వారు ప్రయత్నాలు తగ్గించుకుంటారు, ఆశను చిన్నది చేసుకుంటారు. పల్లెల్లో నలుగురూ వాడే 'మన రాత ఇంతే' అన్న మాట వెనుక ఎన్నో తప్పిన ప్రయత్నాల లెక్క ఉంటుంది.

అప్పు చేతిలో పెడితే చాలు పేదరికం పోతుందన్న నమ్మకాన్ని తెలుగు నేల ఒకసారి చేదుగా పరీక్షించింది. 2000 తర్వాతి దశాబ్దంలో సూక్ష్మ రుణ సంస్థలు రాష్ట్రమంతా విస్తరించి మహిళలకు హామీ లేకుండా అప్పులిచ్చాయి. వారం వారం కిస్తీ, గుంపులో ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి, ఒక కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు పలు శాఖలను మూయించారు. 2010 నాటికి వసూళ్ల ఒత్తిడి, అవమానాలు, ఆత్మహత్యల వార్తలు మిన్నంటడంతో అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేసింది. వ్యవసాయ కుటుంబానికి డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, కిస్తీ మాత్రం ప్రతి వారం తలుపు తడుతుంది. అప్పు అందినా, పంట పోతే ఆ నష్టం మోసేది మునుపటివారే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కరువు సీమలో వలస పోకుండా కూలి దొరకడం, ఆడా మగా ఒకే రేటు ఉండటం చిన్న మార్పులు కావు. తెలంగాణలో 2018లో ఎకరాకు పంటకు 4 వేల చొప్పున రైతుబంధు, అదే ఏడాది ఆగస్టు 15న 5 లక్షల రైతుబీమా వచ్చాయి. బీమా సొమ్ముకు మరణ కారణం చూడకపోవడం ఎన్నో కుటుంబాలను ఆ పాత రుజువుల యాతన నుంచి తప్పించింది. కాని రెండు పథకాలూ పట్టాదారుకే. ఎకరాల లెక్కన ఇచ్చే సాయంలో భూమి ఎక్కువున్నవారికి ఎక్కువ, అసలు లేనివారికి సున్న. 2025 జనవరిలో భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేల సాయం ప్రకటించే దాకా ఆ సున్న అలాగే ఉంది.

బరువును పంచుకోవడమంటే ఏమిటో చూడాలంటే జహీరాబాద్ వైపు వెళ్లాలి. నాటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలోని ఆ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. 2023లో మరణించిన పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. సుమారు 75 గ్రామాల్లో ఐదు వేల మంది మహిళలు, ఎక్కువ మంది దళితులు, సంఘాలుగా కూడారు. వారికి ప్రభుత్వం పంచిన చెలకలు రాళ్లతో నిండినవి, పెట్టుబడి లేక బీడు పడినవి. రేషన్ బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, నిజమే, కాని జొన్న వేసేవారూ తగ్గారు. బియ్యం ఇంకెక్కడి నుంచో రావాలి, సొంత నేల మాత్రం పడావు.

ఆ మహిళలు 1990ల నడుమ ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ముప్పైకి పైగా గ్రామాల్లో రెండున్నర వేల ఎకరాలకు మించిన బీడును దున్నడానికి, రాళ్లు ఏరడానికి, ఎరువు తోలడానికి రైతులకు అప్పు ఇచ్చారు. తిరిగి కట్టవలసింది రూపాయల్లో కాదు, జొన్నల్లో, కొన్నేళ్లపాటు విడతలుగా. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేశారు. ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడానికి ఊరి వాళ్లే కూర్చొని, నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇల్లు ఎంత లేమిలో ఉందో నిర్ణయించారు. బాగా లేనివారికి ఎక్కువ జొన్నలు, చౌక ధరకు, పనులు దొరకని వానాకాలపు నెలల్లో. పంట పండించిన నేల, తిన్న నోరు, లెక్క చూసిన కన్ను మూడూ ఒకే ఊరివి. దారిద్ర్య రేఖ గీసే అధికారం పేదల చేతికి రావడం అరుదైన విషయం, దాన్ని వారు తడబడకుండా వాడుకున్నారు.

విత్తనం సంగతి ఇంకా ముఖ్యం. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, అనుము, ఉలవ, అవిసె, కుసుమ విత్తనాలను వేపాకు, బూడిద కలిపి ఇళ్లలో దాచుకుంటారు. కావలసినవారు సంఘం దగ్గర కొలిచి తీసుకుంటారు, పంటయ్యాక అంతకు మించి కొలిచి ఇస్తారు. డబ్బు ప్రసక్తి లేదు. ఒకే ఎకరంలో పది పదిహేను రకాలు కలిపి చల్లుతారు. వాన ముందు ఆగితే కొన్ని పోతాయి, వెనక ఆగితే ఇంకొన్ని పోతాయి, అన్నీ ఒకేసారి పోవు. యాసంగిలో నీటి తడి, ఎరువు, మందు ఏమీ లేకుండా నేలలోని పదునుతో, మంచుతో పండే పంటలను అక్కడ సత్యం పంటలంటారు. బ్యాంకు లెక్కల్లో దిగుబడి తక్కువనిపించే ఈ సాగులో పోగొట్టుకునేదీ తక్కువే. కౌలు రైతును ముంచుతున్న పెట్టుబడి భారం ఇక్కడ మొదట్లోనే తగ్గిపోయింది.

ఏటా సంక్రాంతి నుంచి సుమారు నెల రోజులు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతర, 2008 అక్టోబరు 15న మాచనూరులో మొదలై ఆ మహిళలే నడిపే సంఘం రేడియో ఈ పనికి కొనసాగింపులు. ఒకప్పుడు పటేలు గడప ముందు తల వంచుకొని నిలబడినవారు మైకు ముందు కూర్చొని సేద్యం గురించి చెప్పడం మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది. ఇక్కడి మహిళలు కోటీశ్వరులు కాలేదు. కాని కరువు వచ్చిన ఏడాది వారికి తిండి గింజలూ, మరుసటి ఏటికి విత్తనమూ, పక్కన కూర్చునే పదిమందీ ఉంటారు.

ఇదే తర్కం వేరే దారుల్లోనూ కనిపిస్తుంది. పాల్వంచ దగ్గరి పూనుకుల గ్రామం 2000 తర్వాతి తొలి ఏళ్లలో పత్తి మీద పురుగుమందులు మానేసి వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో సాగు చేసి దుకాణం బాకీల నుంచి బయటపడింది. జనగామ ప్రాంతంలోని ఏనెబావి ఊరు మొత్తంగా రసాయనాలను వదిలింది. మహిళా పొదుపు సంఘాల సమాఖ్యల ద్వారా 2005 నుంచి ఈ పద్ధతి రాష్ట్రంలో వ్యాపించింది. ఆ పునాది మీదే ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నిలబడింది. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్నది ఆ కార్యక్రమమే. అనంతపురం లాంటి చోట్ల వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి నేలకు పచ్చని కప్పు వేసే పద్ధతిని రైతులు నేర్చుకున్నారు.

అయితే ఇక్కడే ఒక పెద్ద అడ్డంకి ఉంది, దాని గురించి తగినంత చర్చ జరగడం లేదు. నేల బాగుపడటానికి ఏళ్లు పడుతుంది. ఘన జీవామృతం వేసి, గట్లు వేసి, చెట్లు పెంచిన ఫలం మూడో ఏటో నాలుగో ఏటో కనిపిస్తుంది. కౌలు మాత్రం ఒక్క ఏడాదిది. వచ్చే ఉగాదికి ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు, ఈ ఏడాదే ఎక్కువ పిండుకోవాలని యూరియా చల్లడంలో ఆశ్చర్యమేముంది? నేల సారం నిలవాలంటే ముందు దున్నేవారికి భరోసా నిలవాలి. అసమానతనూ పర్యావరణాన్నీ రెండు వేరు సమస్యలుగా చూసే అలవాటు ఈ చేను దగ్గర పనికిరాదు.

భరోసా ఇవ్వడానికి జరిగిన ప్రయత్నాలు చట్టంలో ఉన్నాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. బ్యాంకులు చాలావరకు వాటిని చూసి పక్కన పెట్టాయి, అదే భూమి మీద యజమాని అప్పటికే రుణం తీసుకొని ఉండటం ఒక కారణం. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ చట్టం స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. దాని ప్రకారం సాగుదారు పత్రం గడువు 11 నెలలు, దానికి యజమాని సంతకం తప్పనిసరి. సంతకం పెడితే ఎప్పటికైనా భూమి చేజారుతుందని యజమానుల భయం. 1950ల నాటి కౌలు చట్టాల జ్ఞాపకం ఆ భయాన్ని ఇంకా బతికిస్తోంది. సంతకం అడిగితే వచ్చే ఏడాది చేను ఇవ్వరని కౌలుదారు భయం. ఇద్దరి భయాల నడుమ కాగితం ఖాళీగా ఉండిపోతుంది.

ఈ ముడి విప్పడం అసాధ్యమేమీ కాదు. యాజమాన్య హక్కుకూ సాగు నమోదుకూ సంబంధం లేదని చట్టం స్పష్టంగా హామీ ఇచ్చి, ఆ సంగతి యజమానులకు ఊరూరా చెప్పాలి. ఏ చేనులో ఏ పంట ఉందో, ఎవరు వేశారో నమోదు చేసే ఈ-క్రాప్ విధానం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఉంది. ఆ నమోదునే రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి ఆధారంగా తీసుకుంటే సంతకం కోసం తిరిగే అవసరం తగ్గుతుంది. కేరళలో కుటుంబశ్రీ మహిళలు గుంపుగా భూమి కౌలుకు తీసుకొని పండిస్తున్నారు. జహీరాబాద్ సంఘాలు కూడా ఉమ్మడి కౌలు చేశాయి. ఒంటరి కౌలుదారుకు యజమాని ముందు లేని బలం పదిమంది కలిస్తే వస్తుంది, మూడేళ్ల ఒప్పందం అడగగలుగుతారు. మూడేళ్ల ఒప్పందం చేతిలో ఉంటే ఆ చేనులో గట్లు వేస్తారు, కంది మొక్కల నడుమ అనుములు పెడతారు, విత్తనం దాచుకుంటారు.